పత్తి సాళ్ళకు ట్రాక్టరు చక్రాలు కలుపుకోవడం ఎలా? గింజ పడకముందే కొలవాల్సిన కొలత



పోయిన వీడియోలో పత్తి సాళ్ళ మధ్య నా ట్రాక్టరు గుంటక తోలడం చూసి చాలామంది ఫోన్ చేశారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, నీ టైర్లు ఒక్క చెట్టును కూడా తొక్కడం లేదే, మా ట్రాక్టరు పోతే రెండు సాళ్ళూ పోతాయి. నీది ఏమన్నా ప్రత్యేకమైన బండా?" అని. కాదండి. అందరి దగ్గరా ఉండేలాంటి 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండే. వెనక టైర్లు 13.6-28. తేడా అంతా రెండు చక్రాల మధ్య దూరంలో ఉంది. ఈ రోజు వీడియోలో ఆ దూరం మార్చే పని మొదటి నుంచి చివరిదాకా చూపించాను. కానీ ఇంజను శబ్దంలో, జాకీ హడావిడిలో లెక్కలు సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఆ లెక్కలన్నీ ఇక్కడ నిదానంగా రాస్తున్నాను. ఒక కాగితం, టేపు పక్కన పెట్టుకుని చదవండి.

మొదటి ఏడాది నేను పోగొట్టుకున్నది

మాది కర్నూలు వైపు నల్లరేగడి నేల. ప్రకృతి సేద్యంలోకి వచ్చిన మొదటి సంవత్సరం మూడెకరాల్లో పత్తి వేశాను. అద్దెకు పిలిచిన ట్రాక్టరు, దాని వెనక నాలుగు సాళ్ళ విత్తన గొర్రు. సాలుకీ సాలుకీ 36 అంగుళాలు, అంటే మూడడుగులు. మొలక బ్రహ్మాండంగా వచ్చింది. ఇరవై రోజులకు గడ్డి లేచింది. గడ్డిమందు కొట్టను అని ఊరంతా చెప్పుకున్నాను కదా, నా సొంత ట్రాక్టరుకు గుంటక కట్టుకుని దిగాను.

మొదటి వరస చివరిదాకా పోయి వెనక్కి తిరిగి చూస్తే గుండె గుభేలుమంది. రెండు పక్కలా సాలు వెంబడి మొక్కలు పడుకుని ఉన్నాయి. నేనే సరిగ్గా తోలలేదేమో అనుకున్నాను. ఇంకా మెల్లగా తోలాను. అయినా అంతే. నాలుగు వరసలు తోలి బండి ఆపేశాను. తర్వాత కూలీలను పెట్టి తీయించేలోపు రెండు వానలు పడ్డాయి, గడ్డి పత్తిని మించిపోయింది. "ఒక్క డబ్బా మందు కొడితే అయిపోయేదానికి ఇంత గోల ఎందుకప్పా?" అని పక్క చేను రైతు అన్నాడు. ఆ రోజు రాత్రి నిజం చెప్పాలంటే, కొట్టేద్దామనే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మా నాయన పశువుల కొట్టంలోకి పిలిచి, దూలానికి వేలాడదీసిన రెండు కాళ్ళు చూపించాడు. ఎద్దుల కాళ్ళు కాదు, మెడ మీద వేసే కాడి. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. "ఇది మడక కాడి. ఇది గుంటక కాడి. పైరులో దిగేటప్పుడు ఎద్దులు పైరు తొక్కకుండా కాడి మార్చి తోల్తిమి. ఒక్కో ఎద్దు ఒక్కో సందులో నడుస్తాది, మధ్య సందులో గుంటక పోతాది. నీ బండికి కాడి మార్చేది లేదా రా?" అన్నాడు.

నాకు జవాబు తెలియదు. బండి కొన్నచోట అడిగితే "అవి కంపెనీ సెట్టింగులు సార్, మార్చకూడదు" అన్నారు. తర్వాత ఒక పాత మెకానిక్కు చక్రం దగ్గర కూర్చుని, నట్లు తట్టి చూపించి, "ఇన్ని రంధ్రాలు ఎందుకు పెట్టారనుకున్నావు?" అని నవ్వాడు. బండితో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే అందులో బొమ్మలతో సహా ఉంది. మూడేళ్ళుగా ఆ పుస్తకం టూల్‌బాక్సులోనే ఉంది.

ఈ కొలత మనకే ఎందుకు ఎక్కువ ముఖ్యం?

గడ్డిమందు కొట్టే రైతు పైరులోకి ట్రాక్టరుతో ఒకటి రెండుసార్లు దిగితే చాలు. మనకు అట్లా కాదు. కలుపును అదుపు చేసేది గుంటకే. మూడు నాలుగుసార్లు తోలాలి. ఎకరాకు 200 లీటర్ల జీవామృతం డ్రమ్ముల్లో తీసుకుపోయి పోయాలన్నా బండి దిగాల్సిందే. అంటే మన టైర్లు పైరులో ఎక్కువసార్లు తిరుగుతాయి.

రెండోది నేల. ఘనజీవామృతం వేసి, నవధాన్యాలు చల్లి, వానపాములను పిలిచి నేలను గుల్లగా చేసుకునేది మనమే. అదే నేల మీద పదును ఉన్నప్పుడు రెండు టన్నుల బండిని ఇష్టం వచ్చినచోట తిప్పి గట్టి చేసేదీ మనమే అయితే ఎట్లా? టైరు ఎక్కడో ఒకచోట తొక్కక తప్పదు. తొక్కేది ఎప్పుడూ ఒకే దారిలో తొక్కితే, మిగతా నేల ఏడాది పొడుగునా మెత్తగా ఉంటుంది. బండికి బాట వేరు, వేరుకు చోటు వేరు.

ముందు కొలవడం నేర్చుకుందాం

చక్రాల మధ్య దూరం అంటే ఒక టైరు నడిమధ్య నుంచి రెండో టైరు నడిమధ్య దాకా ఉండే దూరం. టైరు మధ్య గీత ఎక్కడో సరిగ్గా తెలియదు కాబట్టి ఒక చిట్కా. బండి వెనక నిలబడి, ఎడమ టైరు ఎడమ అంచు నుంచి కుడి టైరు ఎడమ అంచు దాకా టేపు పెట్టండి. రెండూ ఒకే వైపు అంచులు కాబట్టి వచ్చే కొలత మధ్య నుంచి మధ్యకు ఉన్న దూరమే. నేల దగ్గర, సమంగా ఉన్న చోట కొలవండి.

నా బండి ఆ రోజు 52 అంగుళాల దగ్గర ఉంది. ఇప్పుడు లెక్క చూడండి.

టైరు మీద 13.6-28 అని ఉంటే మొదటి అంకె టైరు వెడల్పు, అంగుళాల్లో. రెండోది రిమ్ము వ్యాసం. అంటే నా టైరు 13.6 అంగుళాల వెడల్పు, సగం 6.8. బండి నడిమధ్య నుంచి టైరు మధ్యకు 26 అంగుళాలు (52లో సగం). కాబట్టి టైరు లోపలి అంచు 26 నుంచి 6.8 తీసేస్తే 19.2 అంగుళాల దగ్గర ఉంటుంది. బండి కింద రెండు సాళ్ళు పెట్టుకుని పోతే, 36 అంగుళాల సాళ్ళలో ఒక్కో సాలు బండి మధ్య నుంచి 18 అంగుళాల దగ్గర ఉంటుంది.

19.2 నుంచి 18 తీసేయండి. మిగిలింది 1.2 అంగుళం. నా టైరుకూ మొక్క మొదలుకూ మధ్య అంగుళంపావు! ఎంత గొప్ప డ్రైవరైనా అంగుళంపావు సందులో ఎకరం పొడుగునా తోలగలడా? ఆ రోజు నా తోలడంలో తప్పు లేదు. తప్పు కొలతలో ఉంది.

ఒక్క సూత్రం గుర్తుంటే చాలు

చక్రాల మధ్య దూరం, సాళ్ళ మధ్య దూరానికి ఒకటింతలో, రెండింతలో, మూడింతలో ఉండాలి. సగాలు, పావులు పనికిరావు. అట్లా ఉంటే రెండు టైర్లూ సరిగ్గా సందుల మధ్యలో నడుస్తాయి.

36 అంగుళాల పత్తికి రెండింతలు 72. చక్రాలను 72కు పెడితే టైరు మధ్య 36 దగ్గర ఉంటుంది. లోపలి అంచు 29.2, బయటి అంచు 42.8. సాళ్ళు 18 దగ్గర, 54 దగ్గర. అంటే టైరుకు రెండు వైపులా 11 అంగుళాలకు పైగా ఖాళీ. అంగుళంపావు ఎక్కడ, పదకొండు అంగుళాలు ఎక్కడ! చెయ్యి కాస్త అటూ ఇటూ అయినా మొక్క బతుకుతుంది.

మా చేనంతా ఒకే అంకె: 72

నేను చేసిన తెలివైన పని ఏదన్నా ఉందంటే ఇదొక్కటే. ప్రతి పంటకూ చక్రాలు విప్పి బిగించుకుంటూ కూర్చోలేం. అందుకే ఒక అంకె పట్టుకుని, పంటలన్నింటినీ దానికి కలుపుకున్నాను. 72ను గమనించండి:

– పత్తి, ఆముదం, సాలుకు 36 అంగుళాలు (సుమారు 90 సెం.మీ.): బండి కింద రెండు సాళ్ళు.
– మొక్కజొన్న, పొద్దుతిరుగుడు, సాలుకు 24 అంగుళాలు (సుమారు 60 సెం.మీ.): బండి కింద మూడు సాళ్ళు.
– కంది, సాలుకు 72 అంగుళాలు (సుమారు 180 సెం.మీ.): బండి కింద ఒక సాలు.

మూడు కొలతలూ 72లో సరిగ్గా ఇముడుతాయి. మీ అంకె 72 కానక్కర్లేదు. 30 అంగుళాల సాళ్ళు ఎక్కువగా వేసేవాళ్ళకు 60 బాగుంటుంది. 60 అంగుళాల ఎడం సాళ్ళ చెరకుకు కూడా 60 సరిపోతుంది, బండి కింద ఒక సాలు పెట్టుకుని పోతుంది. మీ బండి ఎంత నుంచి ఎంత దాకా మారుతుందో పుస్తకంలో చూసి, మీ పంటలు రాసుకుని, అన్నింటికీ కలిసే అంకె ఏదో తేల్చుకోండి. ఈ పని ఎండాకాలంలో, నీడన కూర్చుని చేయాల్సిన పని. గింజ నేలలో పడ్డాక సాలు జరపలేం.

ఇంకో సంగతి. బండి కింద సరి సంఖ్యలో సాళ్ళు ఉంటే (రెండు, నాలుగు) బండి నడిమధ్య కింద సందు ఉంటుంది. బేసి సంఖ్యలో ఉంటే (ఒకటి, మూడు) నడిమధ్య కింద సాలు ఉంటుంది. విత్తన గొర్రు పళ్ళు కూడా అదే లెక్కలో ఉండాలి. పత్తికి రెండు పళ్ళో నాలుగు పళ్ళో, మొక్కజొన్నకు మూడు పళ్ళు. ఇది తప్పితే టైరు తొక్కిన గాడిలోనే గింజ పడుతుంది.

విత్తేటప్పుడు కూడా అదే బండి, అదే 72 ఉంటే ఇంకా మేలు. రెండు సాళ్ళు విత్తి, తిరిగి వచ్చేటప్పుడు బండి సరిగ్గా 72 అంగుళాలు జరుగుతుంది. అంటే ఇందాక కుడి టైరు నడిచిన బాటలోనే ఇప్పుడు పక్క టైరు నడుస్తుంది. కొత్తగా తొక్కేది సగమే. పొలమంతా ఒక సందు బండి బాట, పక్క సందు మెత్తని నేల, మళ్ళీ బాట, మళ్ళీ మెత్తన. 72 అంగుళాలకు 13.6 అంగుళాలు తొక్కుడు, అంటే నూటికి 19 వంతులు. మిగతా 81 వంతుల నేల మీద ఆ పంటకాలంలో చక్రం పడదు.

అద్దె గొర్రుతో విత్తించుకునేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోండి. గొర్రు లోపలి సాళ్ళ మధ్య దూరం ఎప్పుడూ ఒకటే ఉంటుంది. కానీ ఒక వరసకూ పక్క వరసకూ మధ్య వచ్చే సందు డ్రైవరు చేతిలో ఉంటుంది, అది ఒకచోట 30 ఉంటుంది, ఒకచోట 42 ఉంటుంది. గుర్తు గీసే కర్ర ఉన్న గొర్రునే పిలవండి. పక్కనే నిలబడి మొదటి రెండు వరసలు టేపుతో కొలవండి.

వెనక చక్రాలు మార్చే పద్ధతి

ఇది వీడియోలో వివరంగా ఉంది. ముఖ్యమైనవి మాత్రం రాస్తాను.

వెనక చక్రం రెండు ముక్కలు. టైరు ఎక్కి ఉండే రిమ్ము ఒకటి. యాక్సిలుకు బిగించే డిస్కు ఒకటి, మనవాళ్ళు ప్లేటు అంటారు. ప్లేటు పళ్ళెంలా ఒక వైపుకు గుంటగా ఉంటుంది. రిమ్ముకు లోపల ఉండే చెవులు కూడా సరిగ్గా మధ్యలో ఉండవు, ఒక పక్కకు ఉంటాయి. ప్లేటు గుంట లోపలికో బయటికో, చెవులు ఆ పక్కకో ఈ పక్కకో, ప్లేటు చెవికి లోపలో బయటో, ఇట్లా అమరిక మారిస్తే దూరం మారుతుంది. నా బండిలో 52 నుంచి 76 దాకా నాలుగేసి అంగుళాల చొప్పున వస్తుంది. ఏ అమరికకు ఎంత వస్తుందో పుస్తకంలో బొమ్మ ఉంటుంది. చిన్న బండ్లు కొన్నింటికి చక్రం ఒకే ముక్క, వాటికి ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చడం ఒక్కటే దారి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు టైరు కట్ల దిక్కు. ట్రాక్టరు వెనక నిలబడి చూస్తే టైరు మీది కట్లు గుడిసె కప్పులా, కొన పైకి ఉండాలి. తిరగబడి ఉంటే బురదలో పట్టు దొరకదు, మట్టి రాలదు. ప్లేటు గుంట తిప్పాలనుకుంటే చక్రాన్ని అక్కడే తిప్పి బిగించకండి. ఎడమ చక్రాన్ని తిప్పకుండా అట్లాగే దొర్లించుకుపోయి కుడి వైపు బిగించండి, కుడిది ఎడమకు. అప్పుడు గుంట మారుతుంది, కట్ల దిక్కు మారదు.

ఇప్పుడు ప్రాణానికి సంబంధించినవి. దయచేసి తేలిగ్గా తీసుకోకండి.

1. ఒక్కరే చేయొద్దు. కనీసం ముగ్గురు ఉండాలి. టైర్లలో నీళ్ళు నింపి ఉంటే ముందు తీసేయండి. వందల కిలోల చక్రం ఒరిగితే మనిషి ఆపలేడు.
2. గట్టి, సమమైన నేల మీద బండి పెట్టండి. వెనక పనిముట్లు విప్పేయండి. ఇంజను ఆపి, గేరులో పెట్టి, బ్రేకు వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్ళు అడ్డం పెట్టండి.
3. ముందు యాక్సిలు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది. వెనక ఒక వైపు ఎత్తితే బండి పక్కకు వాలే ప్రమాదం ఉంది. ముందు యాక్సిలుకూ పైనున్న చట్రానికీ మధ్య రెండు వైపులా చెక్క ముక్కలు దిగ్గొట్టండి.
4. చక్రం నేల మీద ఉండగానే నట్లు అర చుట్టు వదులు చేయండి. తర్వాతే జాకీ ఎత్తండి.
5. జాకీని నమ్మి పని చేయకండి. ఎత్తగానే యాక్సిలు గొట్టం కింద గట్టి దిమ్మెలు పెట్టి, బరువు దిమ్మెల మీదికి దించండి. నాకు ఒకసారి జాకీ కింద పలక జారింది. దిమ్మె ఉంది కాబట్టి ఈ రోజు రాస్తున్నాను.
6. బిగించేటప్పుడు పక్క పక్క నట్లు కాకుండా ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించండి. ఎంత బిగించాలో పుస్తకంలో ఉంటుంది. గంట తోలాక మళ్ళీ, ఒక రోజు పని అయ్యాక మళ్ళీ బిగించి చూడండి. కొత్తగా మార్చిన చక్రం నట్లు వదులవుతాయి.

అయిపోయాక మళ్ళీ టేపు పెట్టండి. మొత్తం 72 వస్తే సరిపోదు. బండి మధ్య నుంచి ఎడమకు 36, కుడికి 36 రావాలి. ఒక వైపు చెవులు తప్పుగా బిగిస్తే మొత్తం దగ్గర దగ్గరగా ఉన్నట్టు కనబడుతూనే బండి ఒక పక్కకు ఉంటుంది.

ముందు చక్రాలను మరిచిపోవద్దు

వెనకవి మార్చి ముందువి వదిలేస్తే నాలుగు చక్రాలు నాలుగు దారుల్లో పోతాయి. టూ వీల్ డ్రైవ్ బండికి ముందు యాక్సిలు రెండు పక్కలా లోపలికీ బయటికీ జరిగే ముక్కలు ఉంటాయి, రంధ్రాలు చూసి బోల్టు మార్చుకోవాలి. రెండు వైపులా సమానంగా జరపండి. యాక్సిలు జరిపితే స్టీరింగు టై రాడ్ పొడుగు కూడా అంతే మార్చాలి. తర్వాత ముందు టైర్ల మధ్య దూరం ముందు వైపు, వెనక వైపు రెండుచోట్లా కొలవండి. ముందు వైపు కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి, ఎంతన్నది పుస్తకం చెబుతుంది. ఇది తప్పితే ముందు టైర్లు త్వరగా అరిగిపోతాయి, బండి సాలులో నిలవదు.

నా బండికి ముందు 72 రాలేదు, 68 దగ్గర ఆగింది. భయపడాల్సిన పని లేదు. ముందు టైరు వెడల్పు 6 అంగుళాలే. 68లో సగం 34, అంటే టైరు 31 నుంచి 37 మధ్య నడుస్తుంది. వెనక టైరు బాట 29.2 నుంచి 42.8 దాకా. ముందు టైరు వెనక టైరు బాటలోనే ఉంది కదా, అది చాలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే ముందు యాక్సిలు జరగదు, చక్రం అమరిక మార్చి వచ్చినంతే తెచ్చుకోవాలి. అది మెకానిక్ సాయంతోనే చేయండి.

గుంటక కూడా మధ్యలో ఉండాలి

చక్రాలు సరిచేసినా గుంటక అటూ ఇటూ ఊగితే మొక్కలు తెగుతాయి. చెక్ చైన్లు రెండు వైపులా సమానంగా బిగించండి. నేను మధ్య సందుకు 24 అంగుళాల గుంటక కడతాను, రెండు వైపులా సాలుకు ఆరేసి అంగుళాలు వదులుతుంది. రెండు టైర్ల వెనక రెండేసి కల్టివేటరు పళ్ళు, తొక్కిన బాటను పైపైన గుల్ల చేయడానికి. పక్క వరసలో వచ్చేటప్పుడు అదే బాటలో పళ్ళు మళ్ళీ పడతాయి, అదీ మంచిదే. లోతుగా దించకండి. కలుపు వేరు తెగితే చాలు, పత్తి వేరు తెగకూడదు.

ఎంతకాలం తోలవచ్చు? పైరు మోకాలు దాటే లోపలే. ఆ తర్వాత బండి కడుపు, యాక్సిలు కొమ్మలను విరుస్తాయి. చక్రాలు ఎంత బాగా కలిసినా ఎత్తు మన చేతిలో లేదు. అక్కడి నుంచి ఎద్దులో, మనుషులో, ముందే వేసుకున్న ఆచ్ఛాదనో చూసుకోవాలి.

వేరుశనగ, శనగ సంగతి ఏమిటి?

12 అంగుళాల (30 సెం.మీ.) సాళ్ళలో 13.6 టైరు పట్టదు. సందు కంటే టైరే వెడల్పు. సూత్రం ప్రకారం 72లో ఆరు సాళ్ళు కలుస్తాయి కదా అని దిగితే టైరు రెండు పక్కల సాళ్ళనూ తొక్కుతుంది. దీనికి దారి ఒకటే. బండి కింద అయిదు సాళ్ళు విత్తి, టైరు నడిచే చోట ఉండాల్సిన సాలు గొట్టం మూసేయాలి. అప్పుడు ఆ చోట 24 అంగుళాల సందు వస్తుంది, టైరుకు రెండు వైపులా అయిదేసి అంగుళాలు మిగులుతాయి. ఆరు సాళ్ళకు ఒక సాలు పోతుంది. అది తక్కువేమీ కాదు. అందుకే నేను వేరుశనగ అరెకరం వేసినప్పుడు ట్రాక్టరు దించను, పక్కూరి ఎద్దులను పిలుస్తాను. ఎక్కువ ఎకరాలు వేసి, ఎద్దులు దొరకనివాళ్ళు మాత్రం ఆ ఒక్క సాలు వదులుకోవడమే నయం. చివరి గుంటక అయ్యాక ఆ ఖాళీ బాటలో అలసందలు చల్లుకోవచ్చు.

వెడల్పు చేస్తే వచ్చే ఇబ్బందులు

లాభాలే చెప్పి వదిలేస్తే మోసం చేసినట్టు అవుతుంది.

మడక దుక్కికి 72 సరిపడదు. మడక ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. 72 దగ్గర టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచుకు 85 అంగుళాలకు పైనే ఉంటుంది, ఆరడుగుల రోటవేటరు టైరు బాటలను పూర్తిగా కప్పదు. వెడల్పు చేసిన చక్రాలతో నిండు ట్రాలీ లాగితే యాక్సిలు బేరింగుల మీద బరువు ఎక్కువ పడుతుంది. ఇరుకు బాటల్లో, కల్వర్టుల మీద జాగ్రత్త. ఇంకా వెడల్పు కావాలని బయట లేతు మిషన్లో చేయించిన దిమ్మెలు మధ్యలో పెట్టి బిగించడం అస్సలు వద్దు. పుస్తకంలో ఉన్న దూరం దాటొద్దు.

దుక్కి, ట్రాలీ కిరాయిల మీద బతికే బండి అయితే ఏడాదికి రెండుసార్లు మార్చుకోవాల్సి వస్తుంది. మాకు ముగ్గురికి సగం రోజు పడుతుంది. నేను దుక్కి తగ్గించాను, కిరాయికి పోను కాబట్టి 72 దగ్గరే వదిలేశాను.

చివరిగా

మొదటి ఏడాది నా పత్తిని పాడుచేసింది ప్రకృతి సేద్యం కాదు, గడ్డీ కాదు. నేను కొలవని కొలత. ఆ రోజు గడ్డిమందు డబ్బా తెచ్చి ఉంటే, తప్పు ఎక్కడుందో ఇప్పటికీ నాకు తెలిసేది కాదు. ఇట్లాంటి చిన్న చిన్న చోట్ల విసిగిపోయి, "ఇది మనతో అయ్యే పని కాదు" అని వెనక్కి పోయిన రైతులు నాకు తెలుసు. వాళ్ళలో కొందరి ఇళ్ళలో గుంటక కాడి ఇప్పటికీ దూలానికి వేలాడుతూనే ఉంటుంది.

ఈ వారంలో ఒక పని చేయండి. సాయంత్రం బండి ఇంటికి వచ్చాక, వెనక నిలబడి ఎడమ అంచు నుంచి ఎడమ అంచుకు కొలిచి, ఆ అంకెను మడ్‌గార్డు మీద పెయింటుతో రాసుకోండి. పక్కనే టైరు వెడల్పు కూడా. ఈసారి విత్తన గొర్రు పిలిచేటప్పుడు ముందు ఆ అంకె చూసి, తర్వాత సాళ్ళ దూరం చెప్పండి.

వచ్చే వీడియోలో పాత కల్టివేటరు చట్రానికి గుంటక బిగించుకోవడం చూపిస్తాను.